బిర్యానీ క్యూ దాటితే.. శావిగె, కోడి సారు!

హొసకోటె: తెల్లారకముందే ఇక్కడ దమ్ బిర్యానీ కోసం జనం బారులు తీరతారు. బెంగళూరు నుంచి పాతిక కిలోమీటర్లకు పైగా బండ్లేసుకుని మరీ వస్తారు. కోలారు, ముళబాగిలు మీదుగా పలమనేరు, చిత్తూరు వెళ్లే జాతీయ రహదారి ఇటే. చింతామణి మీదుగా మదనపల్లె పోవాలన్నా ఇటే. అందుకే ఆంధ్రా బండ్లూ ఆగుతాయి. తిని, ఓ పార్శిల్ కట్టించుకుని సాగిపోతాయి. కానీ ఈ చుట్టుపక్కల ఇళ్లలో అల్లుడొస్తే పెట్టే మర్యాద వేరే ఉంది. అదే ఒత్తు శావిగె, నాటుకోడి సారు!

ఇడియాప్పం కాదు
చూడ్డానికి రెండూ ఒకటే. తెల్లటి సన్నటి పోగులు. తేడా అంతా చేయడంలోనే. ఇడియాప్పానికి పిండిని ముందు ఒత్తి, తర్వాత ఆవిరి పెడతారు. ఇక్కడ తిరకాసు. మరిగే నీళ్లలో బియ్యప్పిండి పోసి కెలికి, ముద్దలు చేసి, వాటిని మళ్లీ ఉడికిస్తారు. పొగలు కక్కుతున్న ఆ ముద్దను ‘శావిగె ఒరళు’లో వేసి ఒత్తాలి. మూడు కాళ్ల ఇనుప స్టాండు, పైన తిప్పే పిడి.. అదే ఒరళు. ముద్ద చల్లారిందా, ఇక పిడి కదలదు. ఒకరు ముద్ద అందించాలి, ఒకరు పిడి తిప్పాలి, కింద పళ్లెం పట్టేందుకు ఇంకో చెయ్యి ఉంటే మేలు. రాగిపిండితోనూ చేస్తారు.

ఇక సారు. నాటుకోడి ఉడకడానికి టైం పడుతుంది, తొందరపడితే లాభం లేదు. ఉల్లి, అల్లం, వెల్లుల్లి, ధనియాలు, ఎండుమిరప, చెక్కాలవంగం, కొబ్బరి, గసగసాలు నూరి పోస్తారు. పలచగానే ఉండాలి. చిక్కటి కూరైతే పోగుల పైనే నిలిచిపోతుంది, సారైతే లోపలికి దిగుతుంది. చెంచాతో పని లేదు, చేత్తో కలిపితేనే రుచి. ఉగాది మర్నాడు ‘హొసతొడకు’ నాడు మాంసం వండే ఇళ్లలో దీనికి గిరాకీ ఎక్కువ.

హోటల్లో దొరికేనా?
చిక్కంతా అక్కడే. రోడ్డు పక్కన మిలిటరీ హోటళ్లలో రాగిముద్ద, కోడి సారు మామూలే. ముద్ద ఒకేసారి పెద్ద గుండిగలో కెలికి పెట్టేయొచ్చు. శావిగె అలా కాదు, ఎప్పటికప్పుడు ఒత్తాల్సిందే. అంత ఓపిక హోటలుకు ఎక్కడిది? కొన్నిచోట్ల వారాంతంలో స్పెషల్‌గా చేస్తారు గానీ, అడగందే తెలియదు. ప్యాకెట్లలో వచ్చే ఎండు శావిగె ఉప్మాకు పనికొస్తుందేమో, కోడి సారుకు మాత్రం దండగ. ఇళ్లలోనూ ఒత్తే చేతులు తగ్గితే ఒరళు అటకెక్కుతుంది. అలా జరిగితే బాటసారికే కాదు, అల్లుడికీ బిర్యానీయే గతి!

అందుకే ఈ దారిన వెళ్లేవాళ్లు హోటల్లో ముందురోజే ఫోన్ చేసి అడగడం మంచిది. కోడి నాటుదా, ఫారందా అన్నదీ అప్పుడే తేల్చుకోవాలి. ఈ ఊళ్లో చుట్టాలుంటే మాత్రం మొహమాటపడొద్దు. పిడి తిప్పుతామని ముందే మాటివ్వాలి మరి! సారు పోసుకునే ముందు ఓ గుప్పెడు శావిగె పక్కన పెట్టుకుంటే, బెల్లం కలిపిన కొబ్బరిపాలతో తినొచ్చు. ఇంకా మిగిలితే మర్నాడు పొద్దున తిరగమోత పెట్టి నిమ్మకాయ పిండుతారు. సారు మాత్రం మర్నాటికి మిగలదు.