ఉబ్బసానికి ఉప్పునీరు: పరీక్షా, మందా?

గుంటూరులో ఓ ఆసుపత్రి ఛాతీ విభాగంలో ఊపిరి పరీక్షలు చేయడం నా పని. గొట్టంలోకి గట్టిగా ఊదిస్తాను, గ్రాఫు తీస్తాను, తెమడ పడనివాళ్ళకి తెమడ తెప్పిస్తాను. ఈ చివరిది బయట ఎవరికీ పెద్దగా తెలియదు. క్షయ అనుమానం ఉండి, ఎంత దగ్గినా ఏమీ రాని వాళ్ళకి నెబులైజర్‌లో 3 శాతం ఉప్పునీరు పోసి పీల్పిస్తాం. కాసేపటికి గొంతులో గరగర మొదలై, లోపలి నుంచి దగ్గు తన్నుకొస్తుంది. పరీక్షకి కావలసింది డబ్బాలో పడుతుంది.

ఒక్కోసారి ఉబ్బసం ఉన్నవాళ్ళకీ ఇదే చేస్తాం. కాకపోతే ముందు నాళాల బిగువు సడలించే సాల్బుటమాల్ ఇచ్చి, మధ్యమధ్యలో ఊదించి చూసుకుంటూ, డాక్టరుగారు పిలిస్తే పలికేంత దూరంలో ఉండగా చేస్తాం. మిర్చి యార్డులో బస్తాలు మోసే ఒకాయన అంతా అయ్యాక చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "అమ్మా, రొమ్ము తేలికైంది. ఈ ఉప్పు మందేదో రోజూ పెట్టించుకుంటే సరిపోద్దిగా? పఫ్ఫుల బాధ తప్పుద్ది" అన్నాడు.

వెర్రి ప్రశ్నేం కాదు. పెద్ద పెద్ద పరిశోధకులు వేసుకుంటున్న ప్రశ్నే అది.

ఉబ్బసం అనగానే శ్వాసనాళాల చుట్టూ కండరాలు బిగుసుకోవడమే మనకి గుర్తొస్తుంది. ఇన్‌హేలర్ ఆ బిగువుని సడలిస్తుంది, పిల్లికూతలు తగ్గుతాయి. అయితే నాళాల లోపల గట్టిపడి బిరడాల్లా ఇరుక్కున్న తెమడ సంగతి? ఉబ్బసంతో చనిపోయినవాళ్ళ ఊపిరితిత్తుల్లో ఇవి కనబడతాయని వైద్యులకి ఎప్పటినుంచో తెలుసు. బతికున్నవాళ్ళలో, అదీ ఆయాసం లేని రోజుల్లో, ఇవి ఎంతమందికి ఉంటాయన్నది 2018లో తేలింది. అమెరికాలో 146 మంది ఉబ్బసం రోగులకి సీటీ స్కాన్ తీసి, ఊపిరితిత్తుల్లోని 20 భాగాలనూ ఒక్కొక్కటిగా వెతికారు. 58 శాతం మందిలో కనీసం ఒక భాగంలోనైనా బిరడా దొరికింది. ఉబ్బసం లేనివాళ్ళలో ఇది 4.5 శాతం మాత్రమే. అంతకన్నా నన్ను ఆలోచనలో పడేసింది ఇంకోటి: కొన్నేళ్ళ తర్వాత మళ్ళీ స్కాన్ తీస్తే అవే బిరడాలు అవే చోట్ల ఉన్నాయి. దగ్గినా కదల్లేదు.

ఎందుకు కదలవు? మామూలు తెమడలో నూటికి 97 పాళ్ళకి పైగా నీళ్ళే. నాళాల గోడలమీది సన్నటి నూగు దాన్ని మెల్లగా గొంతువైపు నెడుతూ ఉంటుంది, మనకి తెలియకుండానే మింగేస్తాం. ఉబ్బసంలో జిగట ప్రొటీన్ పెరుగుతుంది, పైగా అది గోడకే అతుక్కుని వేలాడుతుంది. దానికి తోడు ఇయోసినోఫిల్స్ అనే తెల్లకణాలు విడుదల చేసే రసాయనాలు ఆ ప్రొటీన్ పోగులను ఒకదానికొకటి ముడివేసి గట్టిపరుస్తాయి.

ఇక్కడే ఉప్పు ప్రస్తావన వస్తుంది. మాగాయకి కోసిన మామిడిముక్కల మీద ఉప్పు చల్లితే రాత్రికి రాత్రి ఊట దిగుతుంది కదా, గాఢమైన ఉప్పునీటి తుంపరలు నాళం లోపల పడినా అంతే. చుట్టూ ఉన్న కణజాలం నుంచి నీరు లోపలికి ఊరి తెమడ పలచబడుతుంది.

ఈ కిటుకు బాగా పనికొచ్చిన జబ్బు సిస్టిక్ ఫైబ్రోసిస్. పుట్టుకతో వచ్చే ఈ జబ్బులో తెమడ బంకలా ఉంటుంది. సముద్రపు అలలమీద సర్ఫింగ్ చేసే రోగుల ఊపిరితిత్తులు మెరుగ్గా ఉండటం ఆస్ట్రేలియా వైద్యుల కంటబడింది. వాళ్ళు దాన్ని కబురుగా వదిలేయలేదు. 164 మందిని తీసుకుని, సగం మందికి 7 శాతం ఉప్పునీరు (మన సూర్యలంక తీరంలో నోట్లోకి వెళ్ళే నీళ్ళకి దాదాపు రెట్టింపు ఉప్పు), మిగతా సగానికి 0.9 శాతం సెలైన్, రోజుకి రెండుసార్లు, 48 వారాలు ఇచ్చారు. ఎవరికి ఏది ఇస్తున్నారో రుచిని బట్టి తెలిసిపోకూడదని రెండింట్లోనూ చేదు క్వినైన్ కలిపారు. ఈ జాగ్రత్త నాకు తెగ నచ్చింది. 2006లో వచ్చిన ఫలితం: ఊపిరి కొలతలు కాస్త మాత్రమే మెరుగైనా, జబ్బు తిరగబెట్టడం సగానికి పైగా తగ్గింది.

మరి ఉబ్బసానికీ అదే ఇచ్చేయొచ్చుగా? ఇవ్వలేం. అదే ఆస్ట్రేలియాలో, సిడ్నీలోని శాండ్రా ఆండర్సన్ బృందం 1981లోనే రెండో వైపు చూపించింది. గాఢ ఉప్పునీరు పీలిస్తే ఉబ్బసం ఉన్నవాళ్ళ నాళాలు మూసుకుపోయాయి. ఉప్పు బొత్తిగా లేని డిస్టిల్డ్ వాటర్ పీల్చినా అంతే. ఈ సంగతి ప్రచురించిన వ్యాస రచయితల్లో రోజర్ ఆల్టూన్యన్ ఒకరు. స్వయంగా ఉబ్బసం మనిషి. గినీపిగ్ బొచ్చు సారం పీల్చి తనకి తానే ఆయాసం తెప్పించుకుని, కొత్త మందులు తనమీదే పరీక్షించుకుని క్రోమోగ్లైకేట్ కనిపెట్టిన మొండిఘటం.

కారణం ఇది: నాళం లోపలి పొరమీద ఉప్పు గాఢత మారగానే అక్కడి మాస్ట్ కణాలు రెచ్చిపోయి హిస్టమిన్ వంటివి వదులుతాయి, కండరం బిగుస్తుంది. దీన్నే తిరగేసి పరీక్షగా మార్చారు. 4.5 శాతం ఉప్పునీరు అర నిమిషం, నిమిషం, రెండు నిమిషాలు, ఇలా రెట్టింపు చేస్తూ పీల్పిస్తారు. మొదటి సెకనులో ఊదగలిగే గాలి 15 శాతం పడిపోతే ఉబ్బసం అనుకోవచ్చు. అంటే మందుగా ఇద్దామనుకుంటున్న నీళ్ళే రోగాన్ని బయటపెట్టే నీళ్ళు కూడా.

ఉప్పునీటికి ఇంకో ఉపయోగమూ ఉంది. దానితో తెమడ తెప్పించి ఇయోసినోఫిల్స్ లెక్కపెట్టే విధానాన్ని 1992లో కెనడాలోని హామిల్టన్ వైద్యులు పద్ధతి ప్రకారం రాసిపెట్టారు. 2002లో ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో 74 మందిమీద దాని విలువ తేలింది. ఆ లెక్క చూసి మందు మార్చిన గుంపులో ఏడాదికి తీవ్రమైన ఆయాసాలు 35, మామూలు పద్ధతిలో మందిచ్చిన గుంపులో 109. ఉప్పునీరు ఉబ్బసానికి చేసిన పెద్ద ఉపకారం నా దృష్టిలో ఇదే.

తెమడని కదిలిస్తుందా అంటే, కదిలిస్తుంది. రేడియోధార్మిక కణాలు పీల్పించి, ఛాతీ మీద గామా కెమెరా పెట్టి, అవి ఎంత త్వరగా బయటికి పోతున్నాయో సిడ్నీలోనే 1990లలో కొలిచారు. ఉప్పునీటి తర్వాత ఉబ్బసం ఉన్నవాళ్ళలోనూ అవి వేగంగా కదిలాయి. అయితే ఒక పూట కదలడం వేరు, ఏళ్ళ తరబడి పాతుకుపోయిన బిరడా ఊడిరావడం వేరు. నాళం పూర్తిగా మూసుకుపోయిన చోటికి గాలే పోదు, గాలి పోనిచోటికి తుంపర ఎలా పోతుంది? నీరు చేరినా ప్రొటీన్ ముడులు వాటంతటవే విడిపోవు.

పైగా యార్డు ఆయన రొమ్ము తేలికైంది ఉప్పువల్లా, దానికి ముందు నేనిచ్చిన సాల్బుటమాల్ వల్లా? ఆయనా చెప్పలేడు, నేనూ చెప్పలేను. అందుకే ఉప్పునీరు మందో కాదో తేల్చాలంటే రెండు గుంపులకీ సాల్బుటమాల్ ఇచ్చి, ఒక గుంపుకి గాఢ ఉప్పునీరు, మరో గుంపుకి మామూలు సెలైన్ ఇచ్చి, వారాల తరబడి చూడాలి. తర్వాత సీటీలో బిరడాలు లెక్కపెట్టాలి. ఈలోగా ఇయోసినోఫిల్స్ మూలాన్నే దెబ్బతీసే ఖరీదైన ఇంజెక్షన్లు కొన్ని బిరడాలను తగ్గిస్తున్నట్టు స్కాన్‌లలో కనబడుతోంది. వాటి ధర చూశాక చవకైన ఉప్పుమీద ఆశ పోదు, నాకైనా సరే.

ఇది చదివి ఇంట్లో ప్రయోగాలు మొదలుపెట్టేవాళ్ళకి ఓ మాట. కాగే నీళ్ళలో ఉప్పు వేసి ఆవిరి పట్టినా ఉప్పు ఆవిరితో పైకి లేవదు, గిన్నెలోనే ఉండిపోతుంది. నెబులైజర్ అలా కాదు, నీటినే తుంపరలుగా చిమ్ముతుంది, ఏది పోస్తే అది రొమ్ములోకి పోతుంది. అందులో వంటింటి ఉప్పు కలిపిన నీళ్ళు గానీ, డిస్టిల్డ్ వాటర్ గానీ, కాచి చల్లార్చిన నీళ్ళు గానీ పోయకండి. డాక్టరు రాసిన మందూ, ఆయన కలపమంటే సీల్ ఉన్న 0.9 శాతం సెలైనూ తప్ప ఇంకేమీ వద్దు. రోజువారీ స్టెరాయిడ్ ఇన్‌హేలర్ ఆపకండి, తెమడ గట్టిపడటానికి కారణమైన వాపుని తగ్గించేది అదే. అన్ని మందులూ వాడుతున్నా ఆయాసం లొంగకపోతే, లోపల తెమడ బిరడాలున్నాయేమో చూడాలా అని మీ డాక్టరుని అడగండి.