బండి మీ పేరున... డబ్బా ఎవరి పేరున?

తాడిపత్రిలో సెకండ్‌హ్యాండ్ లారీ బేరం ఇంజిన్ చప్పుడు వినడంతో మొదలవుతుంది. టైర్లు ఎంత అరిగాయో చూస్తారు, ఛాసిస్‌కు ఎక్కడైనా వెల్డింగు పడిందేమో తడిమి చూస్తారు. నల్ల బండలు, సిమెంటు, చీనీకాయలు మోసే ఊళ్లకు ఇవన్నీ కొట్టిన పిండి. డ్యాష్‌బోర్డు కింద చేయి పెట్టి చూసేవాళ్లు మాత్రం తక్కువ. అక్కడ, టేపు చుట్టిన వైర్ల మధ్య చిన్న నల్ల డబ్బా ఉంటుంది. అందులో లైటు వెలిగి ఆరుతుంటుంది. అదేమిటో అమ్మినాయన చెప్పడు, మధ్యవర్తికి తెలియదు. ఆర్సీలో పేరు మారిపోతుంది. డబ్బా మాత్రం బండి ఎక్కడుందో పాత యజమాని ఫోనుకే చెబుతుంటుంది.

వేరుశనగ వరసగా ఎండిపోయిన ఏళ్లలో సేద్యం పక్కనపెట్టి స్టీరింగు పట్టినవాళ్లు అనంతపురం పల్లెల్లో ఉన్నారు. ఆ ఇంటికి లారీయే పొలం. కొత్తది కొనే స్తోమత లేక అప్పు చేసి పాతది తెచ్చుకుంటారు. గుత్తికీ పామిడికీ నడుమ 44వ నంబరు హైవే మీద అర్ధరాత్రి అది ఆగిపోతే బాడుగ పోతుంది, చీనీ లోడు వాడిపోతుంది, కంతు మాత్రం ఆగదు. అందుకే మొదటి లోడు ఎత్తకముందే ఒక పూట వైరింగు మేస్త్రీతో కూర్చోవాలంటాను. కంపెనీ వైరింగు ముడతల గొట్టంలో, క్లిప్పుల వెంట వరసగా పోతుంది. ఆ వరస తప్పి, మధ్యలో కోసి అతికించిన వైరు కనబడితే తర్వాత ఎవరో చేయి పెట్టారన్నమాట. దాని రెండు కొసలూ దొరికేదాకా వదలకూడదు. ముందే కత్తిరించడం అంతకన్నా పెద్ద తప్పు.

ఎక్కువగా దొరికేది జీపీఎస్. లేబుల్ మీద 15 అంకెల ఐఎంఈఐ నంబరు, లోపల సిమ్ కార్డు ఉంటాయి. బ్యాటరీకి ఒక వైరు, ఎర్తుకు ఒకటి, తాళం చెవికి ఒకటి. నాలుగోది రిలేకు పోతే జాగ్రత్తపడాలి. దూరాన ఎవరో ఫోనులో మీట నొక్కితే మీ బండి సెల్ఫ్ తీసుకోకుండా చేసే ఏర్పాటు అది. అప్పిచ్చినవాళ్లు పెట్టించి ఉండొచ్చు. సరిహద్దు దాటి బళ్లారి వైపు నుంచి వచ్చిన టిప్పరైతే గని పనికోసం బిగించినది కావచ్చు. ఏఐఎస్-140 అని రాసి ఉంటే ప్రభుత్వ నిబంధనల ప్రకారం పెట్టిన పరికరం, దాన్ని పీకకూడదు. ఆర్సీలో అప్పు తాలూకు హైపోథికేషన్ ఇంకా ఉందా, ఫారం 35 ఇచ్చి కొట్టేయించారా అన్నది చూస్తే డబ్బా ఎవరిదో చాలావరకు తేలిపోతుంది.

తాళం తీసేసినా ఈ డబ్బాలు కరెంటు తాగుతూనే ఉంటాయి. అన్నీ కలిసి 200 మిల్లీ ఆంపియర్లు లాగినా రోజుకు దాదాపు 5 ఆంపియర్ అవర్లు. లోడు దొరక్క బండి పది రోజులు నిలబడిందంటే 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీ సగానికి వస్తుంది. ఇక లారీ 24 వోల్టులది, టేపురికార్డరు, ఫోను చార్జరు 12 వోల్టులవి. కన్వర్టరు పెట్టకుండా రెండు బ్యాటరీల మధ్య నుంచి లైను లాగేస్తారు. అప్పుడు ఒక బ్యాటరీ తరుగుతుంది, రెండోది అతిగా చార్జవుతుంది. కొన్నాళ్లకు రెండూ పోతాయి. తప్పంతా బ్యాటరీ షాపు మీద పడుతుంది.

నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది యాడ్‌బ్లూ ఎమ్యులేటరు. కొన్ని బీఎస్-4 లారీల్లోనూ, బీఎస్-6 లారీల్లోనూ పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించడానికి 32.5 శాతం యూరియా కలిసిన ద్రావణాన్ని చిమ్ముతారు. అదే యాడ్‌బ్లూ. ఆ ఖర్చు తప్పించుకోవడానికి ఇంజిన్ కంప్యూటరుకు అంతా బాగుందని అబద్ధం చెప్పే చిన్న పెట్టె బిగిస్తారు. యాడ్‌బ్లూ ట్యాంకు ఎండిపోయినా డ్యాష్‌బోర్డులో హెచ్చరిక వెలగకపోతే అనుమానించాల్సిందే. అనుమతి లేని మార్పుకు మోటారు వాహనాల చట్టం 182ఎ సెక్షన్ కింద ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. పెట్టించింది పాత యజమాని, పట్టుబడేది మీరు. పొగ పీల్చేది లోడింగు దగ్గర నిలబడ్డ హమాలీ.

కాగితం ఒకటి, క్యాబిన్ కింద ఇంకొకటి అయితే ఏమవుతుందో ఈ జిల్లాకు చెప్పనక్కర్లేదు. 2017 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-3 వాహనాల అమ్మకాన్ని సుప్రీంకోర్టు ఆపేసింది. అలాంటి లారీలను తుక్కు కింద కొని, నాగాలాండ్‌లో బీఎస్-4గా రిజిస్టరు చేయించారన్న ఆరోపణలతో 2020లో తాడిపత్రి పేరు రాష్ట్రమంతా మోగింది. ఛాసిస్ నంబరును, తయారైన నెలను ఆర్సీతో సరిపోల్చుకోవడానికి కాసేపు చాలు.

అన్ని పెట్టెలూ తీసేయాల్సినవి కావు, స్పీడ్ గవర్నరు ఉండాల్సిందే. పాత పంపు బండ్లలో డీజిల్ పైపు మధ్యన వాల్వుగా, కొత్తవాటిలో యాక్సిలరేటరు పెడలుకూ కంప్యూటరుకూ నడుమ పెట్టెగా కనిపిస్తుంది. దాని సీలు తెగి ఉంటే ఫిట్‌నెస్‌కు పోయినప్పుడు ఇబ్బంది.

బేరం కుదిరాక ఫారం 29, 30 మీద సంతకాలు అందరూ పెట్టించుకుంటారు. అద్దం మీది ఫాస్టాగ్ మరిచిపోతారు. మరూరు టోల్ దగ్గర పాత యజమాని ఖాతాలో డబ్బు కోస్తుంటే ఆయన దాన్ని మూయించేస్తాడు, అదనపు రుసుము మీ నెత్తిన పడుతుంది. కాబట్టి ఆయన ఎదుటే పాత ట్యాగ్ మూయించండి. జీపీఎస్ యాప్‌లోంచి బండి నంబరు తీయించండి. దూరం నుంచి ఆపే సదుపాయం ఉంటే అదీ రద్దయిందని, రిలే విప్పి చూసి మేస్త్రీ చెప్పాకే మిగతా డబ్బు చేతికివ్వండి.