మెట్టకు నీళ్లు

ముక్త్యాల పక్కనే కృష్ణ పారుతుంది. అయినా జగ్గయ్యపేట, నందిగామ పొలాలు ఒకప్పుడు వాన కోసమే చూసేవి. ఎందుకని?

నది పల్లంలో ఉంది. పొలాలు మెట్టన ఉన్నాయి. నీరు పల్లానికి పోతుంది గాని మెట్టకు ఎక్కదు కదా! 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది. దిగువ ఊళ్లు పండాయి. పై ఊళ్లు ఎండాయి.

మరి మెట్టకు నీళ్లు ఎట్లా వస్తాయి? బాగా ఎగువన పెద్ద డ్యామ్ కట్టాలి. అక్కడ నీటిమట్టం పైకి లేస్తుంది. అక్కణ్ణుంచి కాలవ తవ్వితే నీళ్లు వాటంగా నడిచి వస్తాయి. ఆ చోటు నందికొండ. అక్కడ డ్యామ్ కావాలని ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్ పట్టుబట్టి తిరిగారు. దాని నమూనా గీసిన ఇంజనీర్లలో ముఖ్యులు కానూరి లక్ష్మణరావు గారు. అందరూ కె.ఎల్. రావు అంటారు.

ఆయన 1902లో కృష్ణా జిల్లా కంకిపాడులో పుట్టారు. తొమ్మిదేళ్లకే తండ్రి పోయారు. బడిలో ఆడుతుంటే దెబ్బ తగిలి ఒక కంటి చూపు పోయింది. చదువు మాత్రం మానలేదు. ఇంజనీరయ్యారు. ఇంగ్లండు వెళ్లి బర్మింగ్‌హామ్‌లో డాక్టరేటు తెచ్చుకున్నారు.

1955 డిసెంబరు 10న నెహ్రూ గారు నందికొండలో పునాదిరాయి వేశారు. అదే నాగార్జునసాగర్. పెద్ద మిషన్లు బయటి దేశాల నుంచి కొనాలంటే డబ్బు చాలదు. మన దగ్గర రాయి ఉంది. పనిచేసే చేతులున్నాయి. అందుకే రాతికట్టు కట్టారు. పొలం గట్టు చూడండి. కింద వెడల్పు, పైన సన్నం. ఈ డ్యామ్ కూడా అంతే. తన బరువుతోనే నీటిని ఆపుతుంది. ఎత్తు సుమారు 124 మీటర్లు! వేలమంది కూలీలు పనిచేశారు. ఆడవాళ్లు రాళ్లూ మాలూ నెత్తిన పెట్టుకుని పరంజాలు ఎక్కారు. డ్యామ్ అనగానే మంత్రుల పేర్లు చెబుతారు. వీళ్ల పేర్లు ఎవరూ చెప్పరు.

రావు గారు 1963లో కేంద్రంలో నీటిపారుదల మంత్రి అయ్యారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ గారు కాలవలకు నీళ్లు వదిలినప్పుడు ఆయనే ఆ శాఖ మంత్రి. ఎడమ కాలవ నల్గొండ, ఖమ్మం దాటి ఇటు రావాలి. అంటే ఈ మెట్ట పొలాలు కాలవ తోకన ఉన్నాయన్న మాట. తల దగ్గర ఎక్కువ వాడుకుంటే తోకకు నీళ్లు ఆలస్యమవుతాయి. కొన్నేళ్లు అసలు అందవు.

రావు గారు 1986లో చనిపోయారు. ముక్త్యాలకు ఎగువన పులిచింతల ప్రాజెక్టు 2013లో మొదలైంది. దానికి ఆయన పేరే పెట్టారు. ఆ నీళ్లు మాత్రం ముఖ్యంగా దిగువ డెల్టాకే.