పాత డ్రోను కొన్నవారికి: దిక్సూచి దోషములు, వాటి సవరణ

పంటలపై మందు చల్లు డ్రోనులను కొంతకాలము వాడి అమ్మివేయువారును, వాటిని తక్కువ ధరకు కొనువారును ఇప్పుడు మన గ్రామములలో కనబడుచున్నారు. పాత ఎద్దును కొనునపుడు పండ్లు చూచి, నాలుగడుగులు నడిపించి కొనుట రైతునకు ఒకరు నేర్పవలసిన విద్య కాదు. పాత డ్రోను విషయములో అట్లు పరీక్షింపవలసినది దాని దిక్సూచి. రెక్క విరిగినచో కంటికి కనబడును. బ్యాటరీ బలహీనమైనచో పది రోజులలో తెలియును. దిక్సూచి దోషము మాత్రము యంత్రము గాలిలోనికి లేచిన తరువాతనే బయటపడును. అప్పటికి తొట్టిలో పది లీటర్ల పురుగుమందు ఉండును. ప్రక్క చేనిలో మల్బరీ తోట ఉన్నదనుకొనుడు. ఆ తుంపరలు పడిన ఆకు తిన్న పట్టుపురుగులు బ్రతుకవు. పొరుగువానితో స్నేహమును అంతటితో సరి. కావున ఈ సంగతిని కొంచెము వివరముగా తెలిసికొనుట అవసరము.

డ్రోనునకు తానున్న చోటును తెలుపునది జీపీఎస్. తన ముఖము ఏ దిక్కునకు ఉన్నదో తెలుపునది దిక్సూచి. ఈ రెండును కలిసిననే యంత్రము ఒకచోట నిలువగలదు. గాలికి అది ఒక మీటరు తూర్పునకు జరిగినదనుకొందము. జీపీఎస్ ఆ సంగతి చెప్పగానే యంత్రము పడమరకు వాలి మరల స్వస్థానమునకు రావలెను. దిక్సూచి 40 డిగ్రీలు తప్పుగా చూపుచున్నచో అది పడమర అనుకొని నైరుతికో వాయవ్యమునకో వాలును. అచ్చటినుండి మరల సవరించుకొనబోయి మరల తప్పును. ఫలితముగా గానుగెద్దు వలె గుండ్రముగా తిరుగుట మొదలుపెట్టును. ఆ వలయము అంతకంతకు పెద్దదగును. తప్పు 90 డిగ్రీలు దాటినచో తిరుగుట కూడ ఉండదు. వెనుకకు రాబోయి ముందుకే పోవును. ఎంత సవరించుకొన్న అంత దూరము పోవును. డ్రోను "చేయిదాటి పోయినది" అని చెప్పుకొను ప్రమాదములలో కొన్నింటికి కారణమిదియే.

రెండు యాంటెన్నాలు గల కొన్ని ఖరీదైన డ్రోనులు ముఖదిక్కును ఉపగ్రహ సంకేతములనుండియే గ్రహించును. వాటి సంగతి వేరు. సాధారణముగా చేతులు మారుచున్న పాత యంత్రములు దిక్సూచిపైననే ఆధారపడునవి.

ఇంత ముఖ్యమైన పరికరము ఇంత సులభముగా ఎందుకు చెడును? అది కొలుచునట్టి భూమి అయస్కాంతశక్తి మిక్కిలి స్వల్పమగుటచేత. మన ప్రాంతములో అది సుమారు 40 మైక్రోటెస్లాలు మాత్రమే. ఒకే తీగలో 100 ఆంపియర్ల విద్యుత్తు ప్రవహించినచో, దానికి 10 సెంటీమీటర్ల దూరమున 200 మైక్రోటెస్లాల అయస్కాంతశక్తి పుట్టును. అనగా భూమి శక్తికి ఐదింతలు. ఇందుచేతనే తయారీదారులు దిక్సూచిని జీపీఎస్‌తో కలిపి ఒక స్తంభముపై ఎత్తుగా అమర్చుదురు. బ్యాటరీనుండి వచ్చు ఎఱ్ఱ తీగను, నల్ల తీగను ఒకదానికొకటి ఆనించి గాని, మెలివేసి గాని పోనిత్తురు. అట్లు చేసినచో ఒక తీగ శక్తిని రెండవది చాలవరకు రద్దుచేయును. పాత డ్రోను ఒకసారి పడి, ఎవరిచేతనో బాగుచేయబడినచో ఈ జాగ్రత్తలే ముందుగా పోవును. విరిగిన స్తంభమునకు బదులు పొట్టిది బిగింతురు. తీగలను తోచినట్లు పరతురు. ఇత్తడి మరకు బదులు ఇనుప మర వేయుదురు. చూచుటకు అంతయు బాగుగనే ఉండును.

నాలుగు దిక్కుల పరీక్ష

డబ్బు చెల్లించకముందే ఈ పరీక్ష చేయవలెను. ఇందుకు రెక్కలు త్రిప్పనక్కరలేదు, ఎగురవేయనక్కరలేదు.

ముందు సరియైన దిక్కులు తెలియవలెను. చేతిఫోనులోని దిక్సూచిని నమ్మరాదు. అదియును ఈ జాతిదే గనుక, ఒక అనుమానితునిపై మరొక అనుమానితుని సాక్ష్యమగును. దేవాలయములు కట్టువారు పూర్వము వాడిన శంకువు పద్ధతి ఇప్పటికిని మేలైనది. మట్టి కళ్లములో సమతలముగా ఉన్నచోట మీటరు పొడవు పుల్లను నిలువుగా పాతవలెను. మేస్త్రీ వాడు గుండుదారముతో నిలువు సరిచూడవలెను. ఉదయము 10 గంటల ప్రాంతమున నీడకొన ఎంత దూరమున ఉన్నదో అంత త్రాడుతో, పుల్ల మొదలు కేంద్రముగా వలయము గీయవలెను. ఆ నీడకొన వద్ద ఒక చెక్కమేకు కొట్టవలెను. మధ్యాహ్నమునకు నీడ కురుచయై మరల పెరిగి, కొన వలయమును రెండవసారి తాకినచోట రెండవ మేకు కొట్టవలెను. మొదటి మేకు పడమర, రెండవది తూర్పు. ఆ గీతకు అడ్డముగా గీచినది ఉత్తర దక్షిణములు. దిక్సూచి చూపు ఉత్తరమునకును ఈ ఉత్తరమునకును మన ప్రాంతములో తేడా ఒక డిగ్రీ అటు ఇటు మాత్రమే గనుక దానిని లెక్కింపనక్కరలేదు.

ఇక డ్రోనునకు బ్యాటరీ పెట్టి, ముఖమును ఉత్తరమునకు నిలిపి రిమోటు తెరపై అంకె చూడవలెను. ఉత్తరమునకు 0, తూర్పునకు 90, దక్షిణమునకు 180, పడమరకు 270 రావలెను. నాలుగింటిని కాగితముపై వ్రాసికొనవలెను. చేతితో త్రిప్పి పెట్టుటలో వచ్చు నాలుగైదు డిగ్రీల తేడాకు భయపడనక్కరలేదు. అంతకు మించినచో తప్పు ఎంత అన్నదానికంటె, తప్పు ఏ తీరున ఉన్నది అన్నదే ముఖ్యము.

నాలుగు దిక్కులందును ఒకే తేడా, ఒకే వైపునకు ఉన్నచో, దిక్సూచి చెడలేదు. దానిని బిగించుటలో తప్పు జరిగినది. జీపీఎస్ మూతపై బాణపు గుర్తు ఉండును. ఆ బాణము డ్రోను ముఖము వైపునకు ఉండవలెను. తేడా సరిగా 90 గాని 180 గాని ఉన్నచో మూతను అడ్డముగానో వెనుకకో బిగించినారనుటలో సందేహము లేదు. పది డిగ్రీలు ఉన్నచో స్తంభము కొంచెము తిరిగియుండును. ఇవి పావుగంట పనులు. వీటి కొరకు బేరము వదలుకొనవద్దు.

ఉత్తరమున 12 డిగ్రీలు ఒక వైపునకు తప్పి, దక్షిణమున 12 డిగ్రీలు రెండవ వైపునకు తప్పి, తూర్పు పడమరలలో సరిగా చూపినచో, లేదా దీనికి తలక్రిందులుగా చూపినచో, యంత్రములోనే ఎక్కడో అయస్కాంతము పట్టిన ఇనుము కలదు. బడిపిల్లలు వాడు చిన్న దిక్సూచిని మరల దగ్గరకు ఒక్కొక్కదానికి చేర్చి చూచినచో, ముల్లు ఎచ్చట కదలునో అచ్చట దొంగ దొరకును. ఆ మరను తీసి ఇత్తడిది గాని, నైలానుది గాని వేయవలెను. స్టీలు మరలలో కొన్ని అయస్కాంతమునకు అంటవు, కొన్ని అంటును, పరీక్షింపక వాడరాదు. అయస్కాంతపు మొన గల స్క్రూడ్రైవరును ఈ స్తంభము దరికి తేరాదు. మార్పులేని చోట దూరము పెంచుట మంచి ఉపాయము: చిన్న అయస్కాంతపు ప్రభావము, దూరము రెండింతలైనచో ఎనిమిదవ వంతునకు పడిపోవును.

నేలపై నాలుగు దిక్కులును సరిగా ఉండి, మోటార్లు తిరుగగానే అంకె జారుచున్నచో దోషము తీగలది. ఇదియే అన్నింటిలో చెడ్డది. ఎన్నిసార్లు క్యాలిబ్రేషను చేసినను ఇది పోదు. ఏలననగా క్యాలిబ్రేషను సమయమున మోటార్లు తిరుగవు. ఆర్డుపైలట్ రకపు కంట్రోలరు గల యంత్రములలో ఈ అంతరాయమును శాతములలో కొలుచు ఏర్పాటు కలదు. 30 శాతము లోపున్నచో వాడవచ్చును. 30 నుండి 60 వరకు అనుమానము. 60 దాటినచో దిక్సూచిని తీగలకు దూరముగా మార్చి తీరవలెను. ఈ కొలతకు రెక్కలను మార్చి బిగించి, మోటార్లను వేగముగా త్రిప్పవలసియుండును గనుక శిక్షణ పొందిన పనివానిచేతనే చేయింపవలెను.

"క్యాలిబ్రేషను చేసికొనుడు, సరిపోవును" అని అమ్మువారు తేలికగా చెప్పుదురు. ఈ మాటను నేను నమ్మను. తప్పు బిగింపును, తీగల దోషమును క్యాలిబ్రేషను సవరింపదు. కారణమును తొలగించిన తరువాతనే ఆ పని చేయవలెను.

క్యాలిబ్రేషను చేయు విధము

చోటు ముఖ్యము. సిమెంటు గచ్చులో ఇనుప కడ్డీలు ఉండును. ట్రాన్స్‌ఫార్మరు, బోరు మోటారు, ట్రాక్టరు, ముళ్లకంచె, కరెంటు తీగలు ఇవేవియు దగ్గర ఉండరాదు. పంట కోసిన చేని నడుమ శ్రేష్ఠము. పట్టుకొనువారు ఫోను, గడియారము, తాళపుచెవులు గట్టుపై పెట్టి రావలెను. రెక్కలను విప్పివేయవలెను. తొట్టిని కడిగి ఖాళీ చేయవలెను. ఎగురునపుడు ఉండు బ్యాటరీయే దానిలో ఉండవలెను. ఇది ఒక్కరు చేయు పని కాదు. ఇద్దరు చెరియొక వైపు పట్టుకొని, యంత్రము తెరపై అడిగిన ప్రకారము, మొదట మట్టముగా ఉంచి ఒక చుట్టు, తరువాత ముఖము నేలవైపు దించి ఒక చుట్టు నెమ్మదిగా త్రిప్పవలెను. కొన్ని కంట్రోలర్లు ఆరు వైపులును అడుగును. ముగిసిన వెంటనే బ్యాటరీ తీసి మరల పెట్టి, నాలుగు దిక్కుల పరీక్షను మరల చేయవలెను. మూడుసార్లు చేసినను ముగియనిచో నాలుగవసారి చేయుట వృథా. చోటు మార్చి చూచి, అప్పటికిని కానిచో ఇనుమును వెదకవలెను.

గుండ్రముగా తిరుగక, ఎల్లప్పుడు ఒకే ప్రక్కకు ఒరిగి జారు డ్రోనునకు దోషము దిక్సూచిది కాకపోవచ్చును. మట్టము కొలుచు పరికరమును ఎవరో గట్టు వాలుపై పెట్టి క్యాలిబ్రేషను చేసియుందురు. నీటిమట్టముతో సరిచూచిన బల్లపై పెట్టి దానిని మరల చేయవలెను. బ్యాటరీ పెట్టిన తరువాత యంత్రము సిద్ధమగువరకు దానిని కదల్పరాదు.

మందు కొలతయు పాతయంత్రములలో తప్పుచుండును. నీళ్లు పోసి, ఒక నిమిషము పంపు నడిపి, నాజిల్‌ల క్రింద పాత్రలు పెట్టి కొలువవలెను. తెరపై చూపినదానికిని పాత్రలలో పడినదానికిని తేడా ఉన్నచో ఎకరమునకు పడు మోతాదులో అదే తేడా పడును.

మొదటిసారి ఎగురవేయునపుడు తొట్టిలో మంచినీళ్లే పోసి, మనుషులు, పశువులు లేనిచోట రెండు మూడు మీటర్ల ఎత్తున నిలిపి చూడవలెను. తిరుగుట మొదలుపెట్టినచో వెంటనే జీపీఎస్ పద్ధతినుండి, ఎత్తును మాత్రమే నిలుపు పద్ధతికి స్విచ్చి మార్చి, చేతితో నడుపుచు దింపవలెను. ఈ సమయమున "ఇంటికి రమ్ము" మీటను నొక్కరాదు. ఇంటికి వచ్చు దారికిని ఆ చెడిన దిక్సూచియే ఆధారము. ఏ స్విచ్చి ఏ పద్ధతికో ఎగురవేయకముందే వ్రేలికి అలవాటు కావలెను.

డ్రోను నియమములు, 2021 ప్రకారము యంత్రమునకు గుర్తింపు సంఖ్య ఉండవలెను. అమ్మినవాని పేరునుండి అది కొన్నవాని పేరునకు మారవలెను. రెండు కిలోలు మించిన డ్రోనును పైలట్ ధృవపత్రము గలవారే నడుపవలెను. మందు చల్లు డ్రోనులన్నియు ఈ బరువు దాటినవే. అమ్మువానిని ఎగిరిన లెక్కల దస్త్రమును కూడ అడిగి తీసికొనవలెను. అందులో దిక్సూచి హెచ్చరికలు తేదీలతో సహా నమోదై ఉండును. ఇచ్చుటకు వెనుకాడినచో ధరను మరల మాటలాడవచ్చును.

ఇంటికి తెచ్చునపుడు ట్రాలీలో మైకుసెట్టు పెట్టెల ప్రక్కన ఉంచకుడు. వాటిలోని అయస్కాంతములు ప్రక్కనున్న ఇనుప మరలకు తమ గుణమును అంటించును.