పెరటి కోడికి రక్ష గూడే, ఉచ్చు కాదు

అడాజన్ (సూరత్): తపతి నది కుడి గట్టున ఉన్న అడాజన్ ఒకప్పుడు గ్రామం. నేడది సూరత్ మహానగరంలో కలిసిపోయిన నివాస ప్రాంతం. నగరం ఎంత విస్తరించినా నదీతీరపు పొదలు, ఖాళీ స్థలాలు, జిల్లాలోని చెరకు తోటలు వన్యప్రాణులకు నీడనిస్తూనే ఉన్నాయి. ఇలాంటి పరిసరాల్లో పెరట్లో కోళ్లు పెంచే కుటుంబాలకు ముంగిస, అడవి పిల్లి, గద్ద, పాము తెలియని అతిథులేమీ కావు. ఒక్క రాత్రిలో గూడు ఖాళీ అయితే ఉచ్చు పన్నాలన్న కోపం సహజం. కానీ ఆ కోపం కోళ్లను కాపాడకపోగా, యజమానిని కేసుల పాలు చేసే ప్రమాదముంది.

2019 పశుగణన ప్రకారం దేశంలోని 85.18 కోట్ల కోళ్లు, ఇతర పెంపుడు పక్షుల్లో 31.7 కోట్లు పెరటి పెంపకంలోనివే. అంతకు ముందరి గణనతో పోలిస్తే వీటి సంఖ్య దాదాపు 46 శాతం పెరిగింది. పేద కుటుంబంలో ఈ కోళ్లు ఎక్కువగా మహిళల చేతి ఆదాయం. గుడ్లు పిల్లల ఆహారం. పది కోళ్లున్న ఇంట మూడు పోవడమంటే దాదాపు మూడో వంతు మూలధనం పోయినట్టే.

ఆనవాలు చెప్పే కథ

ఏ జంతువు వచ్చిందో తెలుసుకోవడం తొలి మెట్టు. పట్టపగలు ఆరుబయట పిల్లలు మాయమైతే గద్దను గానీ డేగను గానీ అనుమానించాలి. ముంగిస కూడా పగటిపూటే సంచరిస్తుంది. గుడ్లను, పిల్లలను ఎత్తుకుపోతుంది, చిన్న సందు దొరికినా దూరుతుంది. అడవి పిల్లి, పునుగుపిల్లి, నక్క ఎక్కువగా చీకటి వేళల్లో వస్తాయి. ఈకలు మాత్రమే మిగిల్చి కోడి మొత్తం మాయమైతే అది పిల్లి జాతి పనో, నక్క పనో కావచ్చు. గుడ్లు పెంకు ముక్క కూడా లేకుండా పోతే పాము మింగి ఉండవచ్చు. అనేక కోళ్లు చచ్చి, తినకుండా పడి ఉంటే వీధి కుక్కలను ముందుగా అనుమానించాలి. ఒక్క ఆనవాలుతో తీర్పు చెప్పకుండా పాదముద్రలు, ప్రవేశించిన సందు, దాడి జరిగిన వేళ కలిపి చూడాలి.

గూడు ఎలా ఉండాలి

రాత్రి దాడులను ఆపేది గట్టి గూడు, దాన్ని వేళకు మూసే అలవాటు. పొద్దు గుంకక ముందే కోళ్లను లెక్కపెట్టి లోపలికి తోలాలి. గూటిని నేల నుంచి రెండు మూడు అడుగుల ఎత్తున నిలబెట్టి, కాళ్లకు నున్నటి రేకు చుడితే ఎలుకలు, పాములు ఎక్కడం కష్టమవుతుంది. షట్కోణపు కళ్లున్న పలుచని కోళ్ల మెష్ కోడిని లోపల ఉంచుతుందే గానీ కుక్కను బయట ఆపలేదు. దాని బదులు అరంగుళం కళ్లున్న వెల్డ్ మెష్ వాడాలి. గాలి వచ్చే కిటికీలకూ అదే బిగించాలి.

నేల మీది ఆవరణ అయితే తవ్వే జంతువులను దృష్టిలో పెట్టుకోవాలి. మెష్‌ను అడుగు లోతు పాతి, మరో అడుగున్నర బయటి వైపు నేల మీద పరిచి మట్టి కప్పితే, కంచె మొదట్లో తవ్వే కుక్కకు, నక్కకు ఇనుమే ఎదురవుతుంది. తలుపుకు తాడు ముడి చాలదు, బిగువైన గడియ, దానికి కొక్కెం ఉండాలి. రాలిన దాణాను సాయంత్రమే ఊడ్చేయాలి. దాణా ఎలుకలను, ఎలుకలు పాములను పిలుస్తాయి.

పగటి కాపలా

పగటి వేళ గద్దల నుంచి రక్షణకు తెలుగు పల్లెల్లో తల్లికోడిని, పిల్లలను గంప కింద మూయడం పాత పద్ధతి. నేటికీ అది పనికొస్తుంది. ఆవరణపై వల కట్టేటట్లయితే బిగుతుగా లాగి కట్టాలి. వదులుగా వేలాడే నైలాన్ వలలో పాములు, గుడ్లగూబలు చిక్కుకుని చనిపోతాయి. పొదలు, తీగ పందిళ్లు కోళ్లు తలదాచుకోవడానికి పనికొస్తాయి. అడవి పందులను బెదిరించేందుకు రైతులు పొలం చుట్టూ పాత చీరలు కట్టడం తెలుగు రాష్ట్రాల్లో కనిపించే దృశ్యమే. గూటికి మాత్రం గుడ్డ తెర రక్షణ కాదు.

పక్షి ఎంపిక కూడా ముఖ్యమే. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలనాలయం పెరటి పెంపకం కోసం వనరాజ, గ్రామప్రియ రకాలను రూపొందించింది. రంగు ఈకలు పరిసరాల్లో కలిసిపోతాయి. పొడవైన కాళ్లు వేటాడే జంతువుల నుంచి తప్పించుకునేందుకు తోడ్పడతాయి. అయితే పిల్లలను తొలి ఆరు వారాలు సంరక్షణ గదిలో పెంచిన తరువాతే పెరట్లోకి వదలాలి.

చిరుత తిరిగే చోట

సూరత్ జిల్లాలోని చెరకు తోటల్లో చిరుతలు నివసిస్తున్నాయి. అలాంటి గ్రామాల్లో కోళ్ల వ్యర్థాలను ఆరుబయట పారేయడం వల్ల కుక్కలు చేరతాయి, కుక్కల కోసం చిరుత వస్తుంది. అందుకే వ్యర్థాలను లోతుగా పాతిపెట్టాలి. చిరుత కనిపిస్తే గుంపుగా తరమకుండా అటవీ శాఖకు తెలియజేయాలి.

చట్టం ఏమంటుంది

వన్యప్రాణి సంరక్షణ చట్టం–1972 దృష్టిలో వేట అంటే చంపడమే కాదు. ఉచ్చు పన్నడం, విషం పెట్టడం, అందుకు ప్రయత్నించడం కూడా వేటే. ముంగిస, అడవి పిల్లి, నక్క, నాగుపాము, జెర్రిపోతు రక్షిత జాబితాల్లో ఉన్నాయి. 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చి జరిమానాలను పెంచింది. విషం కలిపిన మాంసం ఎవరిని చంపుతుందో పెట్టినవారి చేతిలో ఉండదు. పెంపుడు కుక్క, గద్ద, ఆడుకునే పిల్లలు ఎవరైనా బలి కావచ్చు. కరెంటు తీగలు మనుషుల ప్రాణాలనే తీస్తున్నాయి.

గట్టి గూటికి మరో ప్రయోజనమూ ఉంది. దేశంలో తొలి బర్డ్ ఫ్లూ 2006 ఫిబ్రవరిలో సూరత్‌కు పొరుగున, మహారాష్ట్రలోని నవాపుర్‌లో నిర్ధారణ అయింది. ఆనాడు సూరత్ జిల్లాలో ఉన్న ఉచ్ఛల్‌లోనూ అది కనిపించింది. పైకప్పు, మెష్ ఉన్న గూడు అడవి పక్షులు దాణా, నీరు ముట్టకుండా అడ్డుకుని, రోగం సోకే ముప్పును తగ్గిస్తుంది.

ఒక ముంగిసను చంపినా సందు అలాగే ఉంటే రేపు మరో ముంగిస వస్తుంది. సందు మూస్తే రెండింటికీ దారి ఉండదు. పైగా ఎలుకలను, పాములను అదుపులో ఉంచే ఆ ముంగిస పెరటికి అవతల తన పని తాను చేసుకుపోతుంది. ఖర్చు పెట్టగలిగిన రూపాయి ఏదైనా ముందుగా మెష్ మీద, గడియ మీద పెట్టడమే పెంపకందారుకు లాభం.