మాట నేర్పు తొలి పాఠశాల

మానవజాతి ఆర్జించిన సమస్త విజ్ఞానమునకు మూలము మాట. శిశువు ఏ గురువు నాశ్రయింపకయే రెండు మూడేండ్లలో తల్లిభాషను పట్టుకొనును. అందుచేతనే మాట దానంతటదే వచ్చునని మనము తలచుచుందుము. కాని కొందరు పిల్లలకు అది సులభముగా రాదు. అట్టివారికి వాక్‌చికిత్స, వారి తలిదండ్రులకు శిక్షణ ఏల అవసరమో పరిశీలింతము.

సాధారణముగా బిడ్డ ఆరవ నెల దాటిన పిమ్మట "బబ్బబ్బ", "మమ్మమ్మ" వంటి ధ్వనులు చేయును. ఏడాది ప్రాంతమున అర్థవంతమైన తొలి మాటలు, రెండేండ్లకు "అమ్మ రా", "పాలు కావాలి" వంటి జంట మాటలు వచ్చును. ప, బ, మ వంటి పెదవి ధ్వనులు ముందుగాను, ర, శ వంటివి ఆలస్యముగాను కుదురును. కావున మూడేండ్ల బిడ్డ "రాముడు" అనుటకు "లాముడు" అన్నచో కలత చెందనక్కరలేదు. కాని పిలిచినను తిరిగి చూడని బిడ్డను, రెండేండ్లు నిండినను మాటలు జతపరచని బిడ్డను, వచ్చిన మాటలు పోగొట్టుకొన్న బిడ్డను వెంటనే పరీక్ష చేయింపవలెను.

ఇచ్చటనే మన ఇండ్లలో విలువైన కాలము జారిపోవుచున్నది. "వాళ్ళ మేనమామకూ ఆలస్యంగానే మాటలు వచ్చాయి, కంగారెందుకు?" అని పెద్దలు ఓదార్చుదురు. వసకొమ్ము అరగదీసి నాలుకకు రాయుదురు. వస చెవుడును పోగొట్టలేదు. మొదటి పరీక్ష నాలుకకు గాక చెవికి జరుగవలెను. ఏలయన వినని మాటను బిడ్డ పలుకనేరదు. కొద్దిపాటి వినికిడి లోపమున్నను సన్నని ధ్వనులు అందకపోవచ్చును. నవజాత శిశువుకు సైతము వినికిడి పరీక్ష చేయు సాధనములు నేడు గలవు.

చికిత్సకుని వద్ద బిడ్డ గడుపునది వారమునకు ఒకటి రెండు గంటలు మాత్రమే. తక్కిన కాలమంతయు ఇంటనే గదా! కావున తలిదండ్రులే ముఖ్యోపాధ్యాయులు. లాస్ ఏంజెలీస్ నగరములో లూయీజ్ ట్రేసీ అను తల్లి, తన కుమారుడు జాన్ చెవిటివాడగుటచే, 1942లో అతని పేర ఒక కేంద్రము నెలకొల్పి, తలిదండ్రులకు తపాలా ద్వారా పాఠములు పంపు పద్ధతిని కల్పించెను.

ఈ శిక్షణలోని సూత్రములు సరళమైనవి. బిడ్డ ముఖమునకు ఎదురుగా కూర్చుండవలెను. అన్నము కలుపుచు, బట్టలు మడచుచు, చేయుచున్న పనిని చిన్న వాక్యములలో చెప్పవలెను. బిడ్డ "బంతి" అన్నచో "ఎర్ర బంతి" అని ఒక మాట చేర్చి అందింపవలెను. "పాలా, నీళ్ళా?" అని అడిగి, బదులుకై ఓపికతో ఆగవలెను. సైగ చేసినను సంతోషముతో స్వీకరింపవలెను. సైగ మాటకు శత్రువు కాదు. "ఇదేమిటి? చెప్పు, చెప్పు" అని పదిమంది ఎదుట నిలదీయుట మాత్రము తగదు.

మన కళాశాలవంటి చోట మరియొక ప్రశ్న ఉదయించును. ఇంట ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు. ఈ భాషల రద్దీయే మాట ఆలస్యమునకు కారణమా? కాదు. రెండు భాషలు వినుటవలన భాషాలోపము కలుగదని పరిశోధకులు స్పష్టపరచిరి. తల్లికి హృదయము విప్పి మాటాడవచ్చు భాష ఉర్దూయైన ఉర్దూలోను, తెలుగైన తెలుగులోను బిడ్డతో మాటాడవలెను. అమ్మీజాన్ లాలనను మాన్పించి, ఆమెకే సరిగా రాని ఇంగ్లీషును అప్పగించినచో బిడ్డ వినవలసిన మాటలే తరిగిపోవును.

మన దేశమున ఈ విద్యకు మైసూరులో 1965లో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఏర్పడెను. 1983లో బొంబాయిలో వెలసిన జాతీయ సంస్థకు ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులుగా పనిచేసిన అలీ యావర్ జంగ్ పేరుండుట మనకు గర్వకారణము. 1984లో సికిందరాబాదున స్థాపితమైన జాతీయ సంస్థ బుద్ధిమాంద్యము గల పిల్లలకును, వారి తలిదండ్రులకును మార్గము చూపుచున్నది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము వాక్, భాషా వైకల్యమును గుర్తించి, నిర్ణీత స్థాయి వైకల్యము గల 6 నుండి 18 ఏండ్ల పిల్లలకు ఉచిత విద్యను హక్కుగా ప్రకటించినది.

చట్టములున్నను, సంస్థలున్నను, గుమ్మము దాటించి బిడ్డను అచ్చటికి చేర్చవలసినది మనమే. మన వీధిలో పలుకని బిడ్డ కనిపించినప్పుడు "మూగవాడు" అని పేరు పెట్టక, "వినికిడి పరీక్ష చేయించితిరా?" అని ఆ తల్లిని ఆదరముతో అడుగుదము. ఆ ఒక్క ప్రశ్న ఒక జీవితమునకు నోరిచ్చును.