కణానికీ ఒక ఆయుష్షు: టెలోమియర్లు, వృద్ధాప్యం, క్యాన్సర్

వయసు పైబడిన కొద్దీ గాయాలు మానడానికి ఎక్కువ రోజులు పడుతుంది. చర్మం ముడతలు పడుతుంది. అదే వయసులో క్యాన్సర్ భయం కూడా పెరుగుతుంది. వృద్ధాప్యంలో కణాలు అలసిపోతాయి, క్యాన్సర్‌లో అలుపు లేకుండా పెరుగుతాయి. ఒకదానికొకటి విరుద్ధంగా కనిపించే ఈ రెండింటితోనూ సంబంధమున్న ఒక చిన్న భాగం మన కణాల్లోనే ఉంది. దాని పేరు టెలోమియర్.

టెలోమియర్ అంటే ఏమిటి?

మన శరీర కణంలో 46 క్రోమోజోములు ఉంటాయి. ఇవి పొడవైన డీఎన్‌ఏ దారాలు. తాడు పురి విడిపోకుండా కొసన ముడి వేస్తాం కదా! అలాగే ప్రతి క్రోమోజోముకు రెండు కొసల్లోనూ ఒక రక్షణ భాగం ఉంటుంది. అదే టెలోమియర్. మనుషుల్లో టీ-టీ-ఏ-జీ-జీ-జీ అనే ఆరు అక్షరాల వరుస మళ్లీ మళ్లీ వచ్చి ఇది తయారవుతుంది. ఈ ముడి లేకపోతే కణం ఆ కొసను తెగిన డీఎన్‌ఏగా భావించి, ఒక క్రోమోజోమును మరొకదానికి అతికించే ప్రమాదం ఉంది.

కణం రెండుగా చీలే ముందు డీఎన్‌ఏకు నకలు తీసుకుంటుంది. ఇల్లు అలికే మనిషి చివరికి తాను కూర్చున్న చోటును అలకలేనట్లు, నకలు తీసే యంత్రాంగం కూడా కొసను పూర్తిగా రాయలేదు. అందువల్ల చీలిన ప్రతిసారీ టెలోమియర్ కొంచెం అరుగుతుంది. బాగా అరిగాక కణం ఇక చీలదు. మనిషి కణాలు గాజు పాత్రలో సుమారు 40 నుంచి 60 సార్లు చీలి ఆగిపోతాయని 1961లో లియోనార్డ్ హేఫ్లిక్, పాల్ మూర్‌హెడ్ తెలిపారు. ఆగిపోయిన కణాలు ఒంట్లో పేరుకుపోవడం వృద్ధాప్యానికి ఒక కారణం. అదొక్కటే కారణం కాదు.

అరిగినదాన్ని నింపే టెలోమరేజ్

1984లో అమెరికాలో ఎలిజబెత్ బ్లాక్‌బర్న్, ఆమె విద్యార్థిని క్యారల్ గ్రైడర్ చెరువు నీటిలో బతికే టెట్రాహైమినా అనే ఏకకణ జీవిలో ఒక ఎంజైమును కనుగొన్నారు. అరిగిన కొసకు కొత్త అక్షరాలు చేర్చే ఈ ఎంజైమే టెలోమరేజ్. ఈ పరిశోధనలకు వారిద్దరితో పాటు జాక్ షోస్టాక్‌కు 2009లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

సంతానాన్నిచ్చే బీజకణాల్లో టెలోమరేజ్ బాగా పనిచేస్తుంది. ఎముక మజ్జలోని మూలకణాల్లో కొంత పనిచేస్తుంది. మిగతా చాలా కణాల్లో దాదాపు నిద్రపోతూ ఉంటుంది. పుట్టుకతోనే ఇందులో లోపం ఉన్నవారికి ఒక అరుదైన జబ్బు వస్తుంది. గోళ్లు పాడవుతాయి, నోట్లో తెల్ల మచ్చలు వస్తాయి, మజ్జ రక్తం తయారుచేయలేకపోతుంది.

మరి ఈ ఎంజైము అన్ని కణాల్లోనూ ఎందుకు పనిచేయదు?

టెలోమియర్ అరుగుదల ఒక బ్రేకు లాంటిది. దారి తప్పిన కణం కూడా కొన్నిసార్లు చీలాక ఆగిపోవలసిందే. క్యాన్సర్ కణం ఈ బ్రేకును తప్పించుకుంటుంది. పదింటిలో ఎనిమిది తొమ్మిది క్యాన్సర్లలో టెలోమరేజ్ మళ్లీ మేల్కొంటుంది. 1951లో అమెరికాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో మరణించిన హెన్రియెట్టా ల్యాక్స్ కణాలు నేటికీ ప్రయోగశాలల్లో చీలుతూనే ఉన్నాయి. వాటిలోనూ టెలోమరేజ్ పనిచేస్తోంది.

టెలోమరేజ్‌ను అడ్డుకునే ఇమెటెల్‌స్టాట్ అనే మందుకు 2024లో అమెరికా అనుమతి ఇచ్చింది. తరచూ రక్తం ఎక్కించవలసి వచ్చే ఒక రకం మజ్జ జబ్బుకే దాన్ని వాడుతున్నారు. అన్ని క్యాన్సర్లకూ అది మందు కాదు.

మనం గమనించవలసినవి

“టెలోమియర్లను పెంచి యవ్వనం తెస్తాం” అంటూ అమ్మే మాత్రలకు డబ్బు పోయకండి. వాటితో మనిషి ఆయుష్షు పెరిగినట్టు రుజువు లేదు. పైగా ఆ బ్రేకును ఇష్టం వచ్చినట్లు కదిలిస్తే క్యాన్సర్‌కు దారి ఇచ్చినట్లు కావచ్చు. మన జక్రాన్‌పల్లి, ఆర్మూర్ ప్రాంతం పసుపుకు పేరు పొందింది. పసుపులోని కర్కుమిన్ గాజు పాత్రలోని క్యాన్సర్ కణాల్లో టెలోమరేజ్‌ను తగ్గించినట్లు కొన్ని ప్రయోగాల్లో కనిపించింది. అంతమాత్రాన కూరలో పసుపు క్యాన్సర్‌కు చికిత్స అయిపోదు. దాన్ని నమ్ముకుని దవాఖానకు వెళ్లడం వాయిదా వేయకూడదు.

మన జిల్లాలో ఎన్నో ఇళ్లు బీడీల మీద ఆధారపడి బతుకుతున్నాయి. పొగ తాగేవారి రక్తకణాల్లో టెలోమియర్లు సగటున పొట్టిగా ఉన్నట్లు పరిశోధనలు చెబుతున్నాయి. అంతకంటే పెద్ద ముప్పు, పొగాకు నేరుగా డీఎన్‌ఏను దెబ్బతీయడం. బీడీ, జర్దా, గుట్కా మానడం ఏ మాత్ర కన్నా మేలు. బీడీలు చుట్టే అక్కాచెల్లెళ్లు ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోవాలి. పని అయ్యాక చేతులు కడుక్కోవాలి. చిన్నపిల్లలను పొగాకు దుమ్ముకు దూరంగా ఉంచాలి.

నోట్లో పుండు మూడు వారాలకూ మానకపోయినా, తెల్లని లేదా ఎర్రని మచ్చ కనిపించినా, నోరు పూర్తిగా తెరుచుకోకపోయినా ఆలస్యం చేయకుండా నిజామాబాద్ ప్రభుత్వ దవాఖానలో చూపించుకోండి. హైదరాబాద్‌లో నవాబ్ మెహదీ నవాజ్ జంగ్ పేరిట 1955 నుంచి నడుస్తున్న ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ దవాఖాన ఉంది. అర్హులకు ఆరోగ్యశ్రీ కింద చికిత్స అందుతుంది.

కణం లోపలి బ్రేకు మన చేతిలో లేదు. పొగాకు మానడం, జబ్బును తొలి దశలోనే డాక్టరుకు చూపించుకోవడం మాత్రం మన చేతిలోనే ఉన్నాయి. ఈ మాటను మీ ఇంట్లో, మీ వాడలో పదిమందికీ చెప్పండి.